బీటెక్ ల్యాప్‌టాప్: తర్వాత మార్చలేనివి ముందు చూడండి

ఈఏపీసెట్‌లో సీటు ఖాయమవగానే ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. షాపులో చాలామంది అడిగేది ఒక్కటే, మెషీన్‌ను నడిపే ముఖ్య చిప్ అయిన ప్రాసెసర్ గురించి: "ఐ5 ఉందా?" ఆ ప్రశ్నకు అవునని చెప్పడం అమ్మేవాళ్లకు చాలా తేలిక. యాభై, అరవై వేలు పోసి కొనే వస్తువు నాలుగేళ్లు పనిచేయాలంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీని తర్వాత పెద్దది వేసుకోవచ్చు. బ్యాటరీ మార్పించుకోవచ్చు. కొన్ని మోడళ్లలో ర్యామ్ (నడుస్తున్న పనులు పట్టే మెమరీ) కూడా పెంచుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం మారదు. బోర్డుకే అతికించిన ర్యామ్ మారదు. తెర మార్పించాలంటే బోలెడంత ఖర్చు. అందుకే డబ్బు ముందు ఈ మూడింటి మీద పెట్టాలి.

ప్రాసెసర్ దగ్గర చూడాల్సింది పూర్తి నంబరు. ఐ5 1235యూలో పది కోర్లు (పనిచేసే భాగాలు) అని రాసి ఉంటుంది, కానీ అందులో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. ఐ5 12450హెచ్‌లో కోర్లు ఎనిమిదే అయినా పెద్దవి నాలుగు. చివర యూ ఉంటే 15 వాట్ల తరగతి, బ్యాటరీ మీద ఎక్కువసేపు వస్తుంది. హెచ్ ఉంటే 45 వాట్ల తరగతి, బరువైన పనుల్లో వేగం, దాంతోపాటు వేడి, ఫ్యాన్ చప్పుడు. 2024 నుంచి ఇంటెల్ కొత్త చిప్‌లలో చాలావాటి పేర్లలో ఐ కనిపించదు. కోర్ 5 120యూ అన్నది కొత్త పేరే గానీ, అందులోనూ పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఎనిమిది.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ చేసే రైజెన్ చిప్‌లలో ఇంకా జాగ్రత్త కావాలి. 7000 సిరీస్‌లో మూడో అంకె చూడండి, లోపలి డిజైన్ ఏ తరానిదో అదే చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019 నాటి డిజైన్, కోర్లు నాలుగు. 7530యూలో ఆ అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. రెండిటి మీదా "రైజెన్ 5 7000 సిరీస్" అనే ఉంటుంది. పైగా 7520యూ వాడే ర్యామ్ ఎప్పుడూ బోర్డుకు అతికించినదే. 8 జీబీతో కొంటే నాలుగేళ్లూ ఆ 8 జీబీయే. ధర ఎంత తక్కువగా కనిపించినా బీటెక్‌కు ఆ మోడల్ వద్దనే చెబుతాను.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. విండోస్ 11, క్రోమ్‌లో పది ట్యాబులు, ఒక వీడియో క్లాసు కలిస్తేనే 8 జీబీ దాదాపు నిండిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (తెర మీదే నడిచే నకిలీ ఫోన్‌తో) కలిపి నడపడానికి గూగుల్ కూడా 16 జీబీ ఉండాలంటుంది. "ఇప్పుడు 8 తీసుకో, తర్వాత వేసుకోవచ్చులే" అన్నది ఒకప్పుడు మంచి సలహాయే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు ఆ లెక్క కుదరడం లేదు. తర్వాత వేసుకుందామనే అనుకుంటే ఖాళీ స్లాటు ఉందో లేదో కంపెనీ సైటులోని స్పెసిఫికేషన్ల పేజీలోనే చూడండి, అమ్మే మనిషి మాట చాలదు. ర్యామ్‌లో రకాలూ చూడాలి, డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్ గ్రాఫిక్స్‌కు వాడుకునేది ఈ ర్యామ్‌నే, అందుకే ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు ఉంటే గ్రాఫిక్స్ వేగం పెరుగుతుంది.

ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. విండోస్‌లో 476 అని చూపిస్తే మోసం జరిగిందని కంగారు పడకండి, లెక్కించే పద్ధతిలోని తేడా అది. ఈసీఈ వాళ్లు మాత్రం చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వివాడో ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే పదుల జీబీలు దానికే పోతాయని గుర్తుంచుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో తల్లిదండ్రుల డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది. "సీఎస్ఈ అంటే గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి" అన్న మాటకు ఆధారం లేదు. సీ, జావా, పైథాన్, డేటాబేస్‌లు, వెబ్ ప్రాజెక్టులు దేనికీ అది అక్కర్లేదు. మెషీన్ లెర్నింగ్‌లో తొలి ప్రాజెక్టులు గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా నడుస్తాయి. అదే పనిని సొంత మెషీన్‌లో చేయాలంటే ఎన్విడియా కార్డు ఉండాలి, ఎందుకంటే ఆ పనులకు ఎక్కువగా వాడే సీయూడీఏ (CUDA) అనే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ నడిచేది దాని మీదే. సాలిడ్‌వర్క్స్, యాన్సిస్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడే మెకానికల్, సివిల్ వాళ్లకు ఆర్‌టీఎక్స్ 3050 లాంటి కార్డు నిజంగా ఉపయోగపడుతుంది. గేమింగ్ మెషీన్ అంటే రెండు కిలోల పైన బరువు, దానికి తోడు పెద్ద అడాప్టర్. క్లాసులో ప్లగ్ పాయింటు దొరక్కపోతే మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది.

మ్యాక్‌బుక్ ఎయిర్ సీఎస్ఈ వాళ్లకు చక్కగా సరిపోతుంది. మెకానికల్, సివిల్, ఈసీఈ వాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు: సాలిడ్‌వర్క్స్, వివాడో మ్యాక్ మీద రావు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది గానీ, ల్యాబ్ బోర్డుల డ్రైవర్లు వాటిలో మొరాయిస్తాయి.

తెర గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ, రోజంతా చూసేది మాత్రం దాన్నే. తక్కువ ధర మోడళ్లలో 250 నిట్స్ (వెలుతురు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని ఉంటుంది: రంగులు వెలసినట్టుంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు కనిపించవు. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర), కనీసం 300 నిట్స్ చూడండి. 16:10 తెర అయితే కోడ్ నాలుగు లైన్లు ఎక్కువ కనిపిస్తుంది. ఇందుకోసం మూడు, నాలుగు వేలు ఎక్కువైనా పెట్టండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కూడా ముందు షోరూమ్‌కో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో వెళ్లి అదే మోడల్ తెరను పక్క నుంచి చూసి, కీబోర్డు మధ్యలో నొక్కి, మూత నాలుగైదుసార్లు తెరిచి మూసి రావాలి. మూత కీలు (హింజ్) దగ్గర ప్లాస్టిక్ కిర్రుమంటే ఆ మోడల్ వదిలేయండి.

బ్యాటరీకి "10 గంటలు" అన్న ప్రకటన కంటే వాట్ అవర్ల లెక్క నమ్మకమైనది. మామూలు వాడకానికి సుమారు 8 వాట్లు అనుకుంటే, 42 వాట్ అవర్ల బ్యాటరీ ఐదు గంటలు, 56 అయితే ఏడు గంటలు వస్తుంది. టైప్ సీతో చార్జ్ అయ్యే మోడల్ అయితే అడాప్టర్ పోయినా 65 వాట్ల పీడీ చార్జర్ ఎక్కడైనా దొరుకుతుంది.

బడ్జెట్ ముప్పై వేల లోపే అయితే నాసిరకం కొత్తదాని కంటే కంపెనీలు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ లాంటివి గట్టివి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది వద్దు. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ పాత చిప్‌లకు విండోస్ 11 అధికారికంగా రాదు. బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్ లేదని, పాత కంపెనీ ఖాతా అడగడం లేదని మీ ముందే రీసెట్ చేయించి చూడండి.

తొందరేమీ లేదు. మొదటి సెమిస్టర్ సీ ప్రోగ్రాములు కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవచ్చు. సీనియర్లను అడిగి, ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో తెలుసుకుని దసరా ఆఫర్లలో కొన్నా నష్టం లేదు.

ఇంటికి వచ్చిన రోజే పెట్టె తెరవడం వీడియో తీయండి. పెట్టె మీద, మెషీన్ అడుగున, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనా చూడండి. దాన్ని కంపెనీ సైటులో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, తేదీ తప్పుంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు నిండాయో ఉంటుంది. తెల్లటి బొమ్మ తెర నిండా పెట్టి చుక్కలున్నాయేమో వెతకండి. ఆఫీస్ ఉచితంగా ఇచ్చి ఉంటే విద్యార్థి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేయండి. షాపు వాళ్ల ఖాతాతో చేస్తే లైసెన్సు దానికే కట్టుబడిపోతుంది.

ఇంకొకటి, రెండో ఏడాదిలో లైనక్స్ ల్యాబ్ వచ్చేసరికి చాలామందిని ఇబ్బంది పెట్టేది. విండోస్ 11 చాలా కొత్త మెషీన్లలో డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం వేస్తుంది. ఆ తాళం పేరే బిట్‌లాకర్. పక్కన ఉబుంటు వేసినా, బయాస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే ఫైళ్లన్నీ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో మొదటి రోజే చూసి, కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి.