మెడ పక్కన ఆ గడ్డ

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. తమ్ముడి కూతురు, మా బుజ్జిది, బాగానే ఉంది, అది ముందే చెప్పేస్తున్నా. దాని మెడ పక్కన గడ్డ, మెడ కండరంలోదే అని అల్ట్రాసౌండులో తేలింది. పొద్దుట్నుంచి నన్ను తొలుస్తున్నది ఆ స్కానింగు చీటీ మీద రాసిన ఒక్క ముక్క: ‘తండ్రికి కేన్సర్’. ఏ కేన్సరో లేదు, ఏ వయసులో వచ్చిందో లేదు. ఆ ముక్క చదివాక మరదలు స్కానింగు మాట వినే స్థితిలో లేదు. “వదినా, దీనికీ వచ్చేసిందా?” ఇదొక్కటే అడుగుతోంది.

ఈ గడ్డకీ తమ్ముడి థైరాయిడ్ కేన్సర్‌కీ ఏం సంబంధం? థైరాయిడ్ ఉండేది మెడ ముందు, మధ్యలో. గుటక వేస్తే పైకి లేస్తుంది. ఇది కుడి పక్కన, చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా దిగే కండరంలో ఉంది. అందుకే తల కుడికి వాలి, గడ్డం ఎడమకి తిరిగి ఉంటోంది. ఈ గడ్డ పుట్టగానే కనపడదు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య తేలి, కొన్నాళ్లు పెరిగి, తర్వాత నెలల మీద కరుగుతుంది. ఆ మధ్యలో పెరగడమే గుండెలు జారుస్తుంది. ముక్క తీసి పరీక్షించే పని సాధారణంగా ఉండదు.

వాళ్ల పెద్దాడు పుట్టినప్పుడూ ఇంతే కదా. పుట్టిన మర్నాడు తల మీద ఒక పక్క బుడిపె. ఎముకకీ దాని పైపొరకీ మధ్య రక్తం చేరింది, అందుకే ఆ ఎముక అంచు దాటలేదు. సూదితో లాగితే చీము పట్టే ప్రమాదమని ఎవరూ ముట్టుకోలేదు. ఆ రక్తం విరుగుతుంటే కామెర్లు పెరగొచ్చని వాడి కళ్లూ ఒళ్లూ చూస్తూ కూర్చున్నాం. కొన్ని వారాలకి చుట్టూ అంచు గట్టిపడి, మధ్యలో మెత్తగా గుంటలా తగిలింది. పుర్రెకి చిల్లు పడిందని మరదలు వణికిపోయింది. మూడో నెలకి ఏమీ లేదు. అప్పటికి తమ్ముడికి జబ్బు రాలేదు కాబట్టి, కేన్సర్ అనే మాటే ఎవరి నోటా రాలేదు.

రాస్తుంటే కోపం వేరే వైపు తిరుగుతోంది. అడగడం తప్పు కాదు, సగం అడిగి వదిలేయడం తప్పు. థైరాయిడ్ కేన్సర్లలో పాపిలరీ రకమైతే చాలావరకు వంశంలో దిగదు. మెడ్యులరీ అయితే దాదాపు నాలుగింట ఒకటి రెట్ అనే జన్యువులో పుట్టుకతోనే ఉన్న లోపం వల్ల వస్తుంది, ఆ లోపం బిడ్డకి దిగే అవకాశం సగానికి సగం. అందులో తీవ్రమైన మార్పుంటే మొదటి ఏడాదిలోనే థైరాయిడ్ తీసేస్తారు. కాబట్టి గడ్డ సంగతి వేరు, ఈ ప్రశ్న వేరు. గడ్డ కరిగిపోయినా ప్రశ్న అలాగే ఉంటుంది. మెడ్యులరీ అయితే ఆ జన్యువు కోసం రక్తపరీక్ష ముందు తమ్ముడికి చేయాలి. వాడిలో ఆ లోపం లేకపోతే, వాడి జబ్బు కారణంగా బుజ్జిదానికి ఆ పరీక్ష అక్కర్లేదు.

ఇన్నాళ్లూ వాడి బయాప్సీ రిపోర్టు నేనూ చదవలేదు.

ఈలోగా వ్యాయామం ఆపకూడదు. ఫిజియోథెరపిస్టు చూపించినట్టే, గడ్డం కుడి భుజం వైపు, ఎడమ చెవి ఎడమ భుజం వైపు, మెల్లగా. డైపర్ మార్చినప్పుడల్లా చేస్తే మర్చిపోరు. ఏడ్చి బిగదీసుకుంటే వదిలేయాలి, బలవంతం పనికిరాదు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, బొమ్మ కుడివైపు ఆడించాలి. ఎప్పుడూ ఒకే పక్కకి పడుకుంటే తల అటు చదునవుతుంది.

రిపోర్టు బీరువాలో ఉందట. పొద్దున్నే ఫొటో తీసి పంపమన్నాను, అన్ని పేజీలూ.