సకినాలు, బావ, రెండు చెప్పులు

పదకొండున్నర. చేతులకు వాము వాసన పోతలేదు, బావ మాట బుర్రలోంచి పోతలేదు.

పొద్దున అమ్మా నేనూ బట్ట మీద సకినాలు చుడుతున్నం. బావ ఎప్పటిలెక్కనే టీవీ ముందు. "మాట ఇనని దేశపోని ప్రెసిడెంట్‌ను పోయి ఎత్తుకచ్చుడే మరదలా. పనామాను ఏలిన నోరియేగాను అమెరికా సైన్యం ఎత్తుకపోలే?" అన్నడు. నాకు కాలింది. 1989 డిసెంబర్‌లో అమెరికా చేసిన ఆ పనిని పది రోజులు తిరగకముందే ఐరాస సర్వసభ్య సభ తప్పుపట్టిందని, చార్టర్‌లో 2(4) అని ఒకటి ఉందని, ఆత్మరక్షణ, భద్రతామండలి అనుమతి ఈ రెండూ లేకుండా వేరే దేశంలోకి సైన్యాన్ని దింపొద్దని చెప్పిన. వేడి సకినం కొరికి, "తప్పుపడితె ఏమాయె? మయామి కోర్టు జైల్ల ఏసె గద" అన్నడు. అది మరీ మండింది. నిజమే కాబట్టి. ఎట్లా పట్టుకొచ్చిండ్రన్నది ఆ కోర్టు పట్టించుకోనేలేదు.

ఆ మంటలోనే బాబాయి గుర్తొచ్చిండు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడి పాలకుడు అమీర్ సౌదీకి పారిపోయిండు, ఆ నెలాఖరుకు కువైట్ ఇరాక్‌కు 19వ రాష్ట్రమైంది. అక్కడ తాపీపని చేసే బాబాయి బస్సుల్లో ఇరాక్ దాటి, జోర్డాన్‌లో గుడారంల పడి ఉండి, అమ్మాన్‌లో ఎయిరిండియా ఎక్కిండు. అట్లా వచ్చినోళ్లు లక్షా డెబ్బై వేల మంది దాకా. జగిత్యాల బస్టాండుల దిగినప్పుడు గడ్డం, కాళ్లకు రెండు తీర్ల చెప్పులు. పిన్ని గుర్తుపట్టలే. నడుముకు కట్టుకున్న గుడ్డల దినార్లు చెమటకు తడిసి అంటుకపోతే, పిన్ని ఒక్కొక్కటి విడదీసి చాప మీద ఆరబెట్టింది. బొంబాయిలనే ఎవ్వరూ మార్చలేదట. 2006లో సద్దాంను ఉరి తీసిన రోజు బాబాయి టీవీ చూసి, "వాడు పోతె నా పైసలచ్చినయా" అని లేచి పొలానికి పోయిండు.

ఇది చెప్పి గెలిచిన అనుకున్న. "మరి 1948ల నిజాం మీదికి మన మిల్ట్రీ రాకపోతె?" అన్నడు బావ.

పోలీస్ యాక్షన్ అంటే చాలు నాయనమ్మ మొకం వెలిగేది. రజాకార్ల దాడి చూసిన పరకాల ఆమె పుట్టిల్లు. అది మన ఇంటి సంగతి, పరాయి దేశం కాదు అన్న గానీ, నిజాం తరఫున భద్రతామండలికి ఫిర్యాదు పోయిన మాట నిజమే. పైగా ఆయనను తీసేసింది కూడా లేదు, 1956 దాకా రాజప్రముఖే, అంటే గవర్నర్ లెక్క. అయితే లెక్క వేరే... ఏమో. నాయనమ్మ ఉంటే ఆమె ముందట 2(4) అని నోరు తెరుద్దునా?

బాబాయికి ఫోన్ చేద్దామనుకున్న, పండుకొని ఉంటడు. డబ్బాల విరిగిన సకినాలే మిగిలినయి. నిండువన్నీ బావే తిన్నడు.