మాటల ఇంటర్వ్యూలో నా కోడింగ్ ఎంత తెలిసింది?

గుంటూరులో కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఉద్యోగం మారదామని విజయవాడలో ఇంటర్వ్యూలకు తిరిగాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో "కోడింగ్ టెస్టులేం లేవు, ఊరికే మాట్లాడుకుందాం" అన్నారు. తీరా అడిగినవి: అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ తేడా ఏంటి, హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది, అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు. అన్నీ అమీర్‌పేట నోట్సులో ఉన్నవే, బట్టీపడితే ఎవరైనా చెప్పేస్తారు. నేనూ చెప్పాను, కాకపోతే నా తెలుగు మీడియం ఇంగ్లీషులో ఆగి ఆగి. "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోండి" అని పంపేశారు. నేను రాసిన కోడ్ ఒక్క లైను కూడా చూడలేదు.

ఇంకోచోట కూడా మాటలే, కానీ అడిగిన మేడం తీరు వేరు. "మీరు పట్టుకున్న బగ్ ఒకటి చెప్పండి. తెలుగులోనే చెప్పండి, పర్లేదు." బగ్ అంటే ప్రోగ్రాంలో దొర్లిన తప్పు. నేను చెప్పింది ఇది.

మిర్చి సీజన్లో లారీలు అర్ధరాత్రి దాటాక కూడా దిగుతుంటాయి. గేటు పుస్తకంలో ఒక తేదీ ఉంటే, మా రసీదులో ముందురోజు తేదీ పడేది. రైతులతో రోజూ గొడవే. పగలు దిగిన టిక్కీలకు (మిర్చి బస్తాలకు) తేడా లేదు, తెల్లవారుజామున అయిదున్నర లోపు దిగినవాటికే. ఆ అయిదున్నర చూడగానే వెలిగింది: సర్వర్ టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో ఉంది, మన టైము దానికంటే అయిదున్నర గంటలు ముందు. రసీదు ఆ తేదీనే ఉన్నదున్నట్టు ప్రింట్ చేస్తోంది.

ఆవిడ అంతటితో వదల్లేదు. పాత రసీదులేం చేశారు? డేటాబేస్‌లో మార్చారా, ప్రింట్ చేసే చోటా? ఆ తప్పు మళ్లీ వస్తే పట్టిచ్చే టెస్ట్ కోడ్ ఏం రాశారు? ఇవి పని చేసినవాడికే తెలుస్తాయి. తర్వాత ల్యాప్‌టాప్ ఇచ్చి, పనిచేయని ప్రోగ్రాం ఒకటి సరిచేయమని చెప్పి, టీకి వెళ్లిపోయారు. అలా వెళ్లడమే పెద్ద సాయం! 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మందితో వైట్‌బోర్డు మీద కోడ్ రాయించి చూశారు. ఎదుట మనిషి ఉండగా పైకి చెబుతూ రాసినవాళ్లు, గదిలో ఒంటరిగా రాసినవాళ్లలో సగం కూడా చేయలేకపోయారట. టెన్షన్ అలాంటిది మరి.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకు నన్నూ కూర్చోబెడుతున్నారు. వాళ్లకు చెప్పుకోడానికి ఇలాంటి బగ్గులుండవు, ఫైనలియర్ ప్రాజెక్టు చాలామంది కొనుక్కున్నదే. అందుకని ముందు చిన్న కోడ్ రాయించి, దాని మీదే మాట్లాడిస్తున్నాం. ఒక్కొక్కరికీ గంటన్నర పడుతోందని హెచ్‌ఆర్ వాళ్లు గొణుగుతూనే ఉన్నారు.