ఆ జిగురే నన్ను ముంచింది, తేల్చింది

మొత్తానికి లైఫ్ సైన్సెస్ నెట్, అదే లెక్చరర్‌షిప్‌కీ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ రాసే అర్హత పరీక్ష, పాసైపోయాను ఫ్రెండ్స్. నిన్నటి నుంచి అమ్మ వీధంతా చెప్పుకొస్తోంది, నాకు ఇప్పటికి తీరిక దొరికింది. పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసిందే, ఆ సోది వద్దు.

పోయినసారి నాలుగు మార్కుల్లో పోయింది. నాలుగంటే పార్ట్ సీలో ఒక్క ప్రశ్న. అదేదో నాకిప్పటికీ గుర్తే, హైడ్రా అనే చిన్న మంచినీటి జీవికి తల కోస్తే మళ్లీ రావడంలో ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ (కణాల బయట ఉండే అల్లిక) పని గురించి. హైడ్రాలో ఆ మ్యాట్రిక్స్ పేరే మీసోగ్లియా. మీసోగ్లియా అంటే ఒంటి రెండు కణాల పొరల మధ్య జిగురు, అంతేగా అని డిగ్రీ నోట్సు నమ్మి పెట్టేశాను. నాలుగు రాకపోగా మైనస్ ఒకటి. బద్ధకమని మాత్రం అనకండి, యూనిట్ 5 (డెవలప్‌మెంటల్ బయాలజీ) రెండుసార్లు తిరగేశాను, ఆ పేజీని మాత్రం కోచింగ్‌లో కూడా దాటించేశారు.

సంక్రాంతికి కోనసీమలో మా ఊరెళ్లినప్పుడు పంట కాలువలోంచి గుర్రపుడెక్క తెచ్చి వేళ్లు సీసాలో ముంచి కిటికీలో పెట్టాను. మర్నాడు గాజుకి దారప్పోగుల్లా నాలుగు హైడ్రాలు! ఒకదాని తల బ్లేడుతో కోశాను. "పరీక్ష పెట్టుకుని పురుగులతో ఆటలేంట్రా" అని నాన్న. మూడో రోజుకి భూతద్దంలో టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే తీగల్లాంటివి) మొలకలు కనిపించాయి. లోపలి సంగతి భూతద్దానికి అందదు కాబట్టి పక్కనే రీసెర్చ్ పేపర్లు పెట్టుకుని చదివాను. కోసిన చోట మీసోగ్లియా వెనక్కి లాక్కుంటుంది, ముందు కణాలు గాయం మూస్తాయి, కొన్ని గంటల్లోనే మ్యాట్రిక్స్‌లోని లామినిన్ అనే ప్రొటీన్ జీన్ జోరందుకుంటుంది, కొత్త మ్యాట్రిక్స్ పరుచుకున్నాకే తల. దాని తయారీని ఆపితే తల రాదు. లామినిన్ లోపలి పొర ఇస్తుంది, కొల్లాజెన్ అనే ఇంకో ప్రొటీన్ బయటి పొర ఇస్తుంది, తికమక పెట్టేది ఇక్కడే. ఇక మీసోగ్లియా నిర్మాణమంటారా, మన ఆత్రేయపురం పూతరేకు అనుకోండి: అటూ ఇటూ లామినిన్, టైప్ 4 కొల్లాజెన్ ఉన్న పల్చటి రేకులు, మధ్యలో కొల్లాజెన్ పోగులు. ఆ పోగుల్ని ఒకదానితో ఒకటి కట్టే ముడులు (క్రాస్‌లింకులు) తక్కువ, అందుకే హైడ్రా అంతలా సాగి ముడుచుకుంటుంది.

అదే యూనిట్‌లోని స్పాంజ్‌లు (నీటిలో ఉండే సరళమైన జంతువులు), 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త వాటిని గుడ్డలోంచి పిండితే విడిపోయిన కణాలు మళ్లీ కలవడం, ఇవి ఒక పూటలో అయిపోయాయి. మిగతా యూనిట్లు మామూలే, పాత పేపర్లు చేశాను.

ఫోన్ పక్కన పెట్టండి, పొద్దున్నే లేవండి అని మా బాబాయిలా మొదలెడుతున్నాను, ఆపేస్తా. డౌట్లుంటే సాయంత్రం లోపు అడగండి, రాత్రికి మావయ్య వాళ్లు పూతరేకులతో దిగుతున్నారు.