ఎండలకేలే అనుకున్నాం

జీడి సరిగ్గా తిండి మానేసి అప్పటికి నాలుగు రోజులు. జీడి మా కుక్క. నల్లగా బెల్లం జీడిలా నిగనిగలాడుతుందని ఆ పేరు అమ్మే పెట్టింది. నాటు కుక్కే, 4 ఏళ్లది, 18 కిలోలు. మేము ఉండేది విజయవాడ కృష్ణలంకలో, మూడో అంతస్తులో, మా నెత్తిన డాబా తప్ప ఇంకేం లేదు. మే నెల. మనుషులకే ముద్ద దిగని రోజులు కాబట్టి అది గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెళ్లిపోతుంటే ఎవరం కంగారు పడలేదు. "ఎండలకేనే, మనకే తినబుద్ధి కావట్లేదు, దానికేం తినబుద్ధవుద్ది" అంది అమ్మ. నేనూ సరేననుకున్నా.

పైగా వేసవికి చేయాల్సినవన్నీ చేస్తున్నానని నాకో గర్వం. వాకింగ్ తెల్లవారుజామున 5కి, మళ్లీ రాత్రి 9 దాటాకే. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి, కాలకుండా కాసేపు ఉంచగలిగితేనే దాన్ని నడిపించేదాన్ని. మట్టి మూకుట్లో నీళ్లు, పెరుగన్నం, గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, మధ్యాహ్నం కూలర్ ముందు తడిపిన గోనెసంచి. ఇన్ని చేస్తున్నా డల్‌గా ఉందంటే ఎండే అనుకున్నా తప్ప ఇంకోటి అయ్యుండొచ్చన్న ఆలోచనే రాలేదు.

నాలుగో రోజు దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడా ఎండ దెబ్బే అన్నారు. ఒక ఇంజెక్షన్ చేసి, ఓఆర్ఎస్ తాగించమన్నారు. చూడటానికి పట్టుమని 5 నిమిషాలు పట్టలేదు. వాళ్లనని ఏం లాభం, నేను లోపలికి వెళ్తూనే "ఎండలకి డల్ అయిపోయిందండీ" అని జబ్బు పేరు కూడా నేనే చెప్పేశాను కదా.

ఆ రాత్రి ఏసీ గదిలో నా మంచం పక్కనే పడుకోబెట్టుకున్నా. తెల్లారి లేచి పొట్ట మీద చెయ్యి వేస్తే పెనంలా ఉంది. రాత్రంతా చల్లటి గదిలో ఉన్న కుక్క పొద్దున్నే ఇలా కాలిపోవడమేంటి అని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. అంతలో హాల్లోంచి అమ్మ పిలిచింది. తెల్ల టైల్స్ మీద నాలుగైదు ఎర్ర చుక్కలు. దేవుడి దగ్గర కుంకుమ నీళ్లు ఒలికాయేమో అనుకుని తుడవబోయిందట. జీడి తల విదిలిస్తే ఇంకో రెండు పడ్డాయి, ముక్కులోంచి.

ఆటోలో కుక్కని ఎక్కించుకోమంటే ముగ్గురు వెళ్లిపోయారు. నాలుగో ఆయన మాత్రం "మా ఇంట్లోనూ ఉందమ్మా, ఎక్కండి" అని వెనక సీటు మీద తనే పాత తువ్వాలు పరిచాడు.

రెండో డాక్టర్ గారు నన్నేం చెప్పనివ్వలేదు. జ్వరం 104.3 ఉంది. కుక్కలకి 102 దాకా మామూలేనట. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేవి కాస్తా పాలిపోయి ఉన్నాయి. ఎండ దెబ్బ అయితే సాధారణంగా చిగుళ్లు ఎర్రగా కందినట్టు ఉంటాయి, వగర్చడం ఎక్కువగా ఉంటుంది, ఇలా కాదమ్మా అన్నారు. తర్వాత చెవి మడత లోపల, కాలివేళ్ల సందుల్లో వెతికి, బూడిద రంగు కందిగింజలాంటిదాన్ని ఫోర్సెప్స్‌తో లాగి ట్రేలో పడేశారు. పిడుదు! చిన్నప్పుడు ఊళ్లో మా నాయనమ్మ గేదెల పొదుగు దగ్గర గోమార్లు పీకి పిడకల నిప్పులో వేస్తుంటే టప్ మని పేలేవి, అదంతా గుర్తొచ్చింది. గేదెలకే ఉంటాయనుకున్నాను, నా అమాయకత్వం.

రక్తం తీసి పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 28 వేలు. రెండు లక్షలకి తక్కువ ఉండకూడదట. జబ్బు పేరు ఎర్లీకియోసిస్, అందరూ టిక్ ఫీవర్ అంటారు. పిడుదు రక్తం పీల్చేటప్పుడు ఎక్కే ఎర్లీకియా అనే బాక్టీరియా, తెల్లకణాల్లో చేరి కూర్చుంటుంది. కుట్టాక వారం నుంచి మూడు వారాల్లో బయటపడుతుందంటే, మేము వేసవికి కొత్తగా కూలర్ దింపుకుని సంబరపడుతున్న రోజుల్లోనే ఇది దానికి అంటుకుందన్నమాట.

ప్లేట్‌లెట్లు అనే మాట వినగానే చుట్టాలంతా డాక్టర్లయిపోయారు. మా ఇళ్లల్లో డెంగీ రానివాళ్లు తక్కువ కదా. బొప్పాయి ఆకు రసం పొయ్యమని ఒకరు, కివీ పండు పెట్టమని ఇంకొకరు. కింద పోర్షన్ అంకుల్ అయితే జ్వరం అంటున్నారుగా, మన మాత్రే సగం వేసేయండి అన్నారు. ఎందుకో వెయ్యలేదు, వెయ్యకపోవడమే మంచిదైంది. మనం నొప్పులకి వాడే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయని, ప్లేట్‌లెట్లు ఇంత తక్కువున్నప్పుడు రక్తం పోతే ఆగడం కష్టమని డాక్టర్ గారు తర్వాత చెప్పారు.

మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. తర్వాత ఇంట్లోనే డాక్సీసైక్లిన్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 28 రోజులు. రాసినంత తేలిక కాదు అది. ఖాళీ కడుపున వేస్తే వాంతి, అన్నం పెడదామంటే తినదు. గొంతులో మాత్ర అతుక్కుంటే పుండు పడుతుందని వెనకాలే నీళ్లు పట్టించాలి. ఇడ్లీ ముక్కలో దాచి పెడితే ఇడ్లీ చప్పరించి మాత్ర శుభ్రంగా నేల మీద ఉమ్మేది. చివరికి ఉప్పూకారం, ఉల్లిపాయ లేకుండా ఉడకబెట్టిన చికెన్ లివర్ ముక్కలో దొరికింది కిటుకు. శుక్రవారం వంటింట్లోకి గుడ్డు కూడా రానివ్వని మా అమ్మ, శుక్రవారం పొద్దున్నే మడి కట్టుకోకముందే దానికి లివర్ ఉడికించి పెట్టేది. ఆ గిన్నె మాత్రం వేరు, బాల్కనీలోనే ఉండాలి!

జ్వరం మూడో రోజుకే తగ్గింది. ఐదో రోజు ప్లేట్‌లెట్లు 62 వేలు. పదో రోజుకి తోక ఊపుతూ డోర్ దగ్గర నిలబడింది. సరిగ్గా అప్పుడే నాకు మందు ఆపేద్దామనిపించింది, నిజం చెప్తున్నా. రోజూ రెండు పూటలా ఆ కుస్తీ పడలేక. మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెట్టొచ్చు, కొన్నిసార్లు ఒంట్లో దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జ మీద పడుతుంది అని డాక్టర్ గారు ముందే భయపెట్టి ఉండకపోతే ఆపేసేదాన్నే.

ఇంకో పని పిడుదులది. కుక్క ఒంటి మీదవి తీసేస్తే అయిపోతుందనుకున్నాను. ఒక ఆదివారం ఫ్రిజ్ జరిపి చూస్తే దాని వెనక గోడ పగులులో ఆవగింజల్లా వరసకట్టి ఉన్నాయి. తలుపు ఫ్రేముల సందుల్లో, దాని పరుపు కుట్టులో కూడా. ఈ రకం పిడుదులు ఇళ్లల్లోనే బతికేస్తాయి, ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది, వేడికి ఇంకా త్వరగా పెరుగుతాయి. జీడిని రోజంతా పిన్ని వాళ్లింట్లో వదిలి, డాక్టర్ గారు రాసిన మందు నీళ్లలో కలిపి సందుసందునా కొట్టాం, రెండు వారాలకి మళ్లీ కొట్టాం. పరుపు తగలబెట్టేశాం. జీడికి మూడు నెలలు పనిచేసే నమిలే మాత్ర వేశారు, దాని ధర వింటే గుండె ఆగింది గానీ సెలైన్‌కి, పరీక్షలకి అయినదాంతో పోలిస్తే అది నయం.

28వ రోజు పరీక్షలో 2 లక్షల 10 వేలు. ఆ రాత్రి ఆఖరి మాత్ర పెడితే లివర్ తినేసి, మాత్రని తీసుకెళ్లి అమ్మ చెప్పు పక్కన ఉమ్మింది. మళ్లీ ఇంకో లివర్ ముక్క ఉడకబెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ ఎండలు మొదలయ్యాయి. రాత్రి ఎనిమిదిన్నరకి సీరియల్ చూస్తూ అమ్మ దాని పాదం ఒళ్లో పెట్టుకుని కాలివేళ్ల సందులు ఒక్కొక్కటీ వెతుకుతుంది. టీవీ మీంచి కళ్లు తిప్పదు. నిన్న మధ్యలో ఆగి "ఏమే, లైటు వెయ్యి" అంది. వేశాను. చూస్తే ఆవగింజే, పొద్దున తాలింపు వేసేటప్పుడు ఎగిరిపడినట్టుంది.