చిక్‌పేట ఆదివారం సంతలో పాత స్టీరియోలు: నా అనుభవం

బెంగళూరులో పాత స్టీరియో పరికరాలు కొని, బాగుచేసి, తిరిగి అమ్మడం కొన్నేళ్లుగా నా సెలవు రోజుల పని. చిక్‌పేట దగ్గర బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో జరిగే ఆదివారం సంతలోను, ఖాళీ చేసే ఇళ్ల నుంచి సామాను ఎత్తుకొచ్చే గుజిరీ అంగళ్లలోను నాకు సరుకు దొరుకుతుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు ఒకప్పుడు తెచ్చుకున్న జపాను ఆంప్లిఫయర్లు, మన దేశంలోనే తయారైన సోనోడైన్, కాస్మిక్ సెట్లు అక్కడ కనిపిస్తుంటాయి.

సంతలో రోడ్డు పక్కన ప్లగ్గు ఉండదు కాబట్టి కొనాలో వద్దో కళ్లు, చేతులు, ముక్కు సాయంతోనే తేల్చుకోవాలి. పై మూత గాలి రంధ్రాల దగ్గర వాసన చూస్తే ట్రాన్స్‌ఫార్మరు మాడిందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. మాడిన ట్రాన్స్‌ఫార్మరుకు సరైన బదులు దొరకడం కష్టం కనుక అటువంటిది ఎంత చవకైనా నేను ముట్టుకోను. తరువాత వెనకవైపు వోల్టేజి ఎంత రాసి ఉందో చదువుతాను. జపాను వాడకానికే చేసినవి 100 వోల్టులకు, అమెరికావి 120 వోల్టులకు తయారైనవి కాబట్టి మన కరెంటు వోల్టేజిని తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఖర్చును కూడా కలుపుకొనే బేరమాడతాను. 60 హెర్ట్జ్ కరెంటుకు చేసిన ఏసీ మోటారు రికార్డు ప్లేయరుకైతే అదీ చాలదు. మన 50 హెర్ట్జ్ మీద అది ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. స్పీకర్లలో శంకువు చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలితో తాకగానే పొడిగా రాలితే దాన్ని మార్చక తప్పదు. రబ్బరు అంచు ఉన్నవి ఎక్కువ కాలం నిలుస్తాయి.

అసలు పని ఇంటికి తెచ్చాక మొదలవుతుంది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న ఆంప్లిఫయరును తెచ్చిన వెంటనే నేరుగా కరెంటుకు తగిలించడం దాన్ని చంపుకోవడమే. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును ఫేజు వైరులో సిరీస్‌గా కలిపి, దాని ద్వారానే సెట్టుకు కరెంటు ఇస్తాను. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం ప్రకాశంగా వెలిగి, లోపల కరెంటును నిలవచేసుకునే పెద్ద కెపాసిటర్లు నిండగానే మసకబారితే ఊపిరి పీల్చుకోవచ్చు. అలాగే వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఆ గండం గడిచాక స్పీకర్లు తగిలించకుండా, వాటి టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో డీసీ, అంటే స్పీకరుకు వెళ్లకూడని ఒకే దిశ కరెంటు, ఎంత ఉందో చూస్తాను. 50 మిల్లీవోల్టులలోపు ఉంటే నిశ్చింత. వోల్టులలో ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పోయి ఉండవచ్చు. ఆ స్థితిలో తగిలించిన స్పీకరు కాయిల్ కాలిపోతుంది.

వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర చాలాసార్లు కాంటాక్ట్ క్లీనరుతోనే పోతుంది. ఉబ్బిన, కారిన కెపాసిటర్లకు మాత్రం ఎలక్ట్రానిక్ విడిభాగాల అంగళ్లుండే ఎస్.పి. రోడ్డుకు వెళతాను. అక్కడ దొరకనిది తక్కువ, కానీ ఆంప్లిఫయరులో ధ్వనిని పెంచే ఎస్‌టీకే ఐసీల విషయంలో మాత్రం నకిలీలు ఎక్కువ కనుక నాకు తెలిసిన అంగడివాడు తానే నమ్మకంగా చెబితే తప్ప తీసుకోను.

అమ్మేటప్పుడు మూత తీసి లోపలి ఫోటోలు పెడతాను, మార్చిన ప్రతి భాగం పేరూ రాస్తాను, పనిచేయని మీటరు దీపాన్ని కూడా దాచను. పాతవస్తువు కొనేవారికి మెరుపు కన్నా ఈ వివరమే ముఖ్యమని నా నమ్మకం. మల్లేశ్వరంలో స్థిరపడిన అనంతపురం పెద్దాయన ఒకరు తన రికార్డు వెంట తెచ్చుకొని, ఒక వైపంతా కళ్లు మూసుకొని విన్నారు.

“లోపల ఏమేం మార్చినావు నాయనా?” అని అడిగారు.

“అన్నీ ఈ కాగితంలో రాసినాను సార్. తీసేసిన పాత కెపాసిటర్లు కూడా ఈ కవర్లో ఉన్నాయి, చూసుకోండి” అన్నాను.

ఆయన కవరు విప్పి, ఒక్కొక్కటీ కాగితంతో సరిచూసుకున్న తరువాతే డబ్బు లెక్కపెట్టారు. పరికరాన్ని ఆటోలో పక్కన పెట్టుకొని తీసుకెళ్లారు. నేను బయటి ఊళ్లకు కొరియరులో పంపను. ఒక్కసారి కింద పడేస్తే చాలు, ఆ ట్రాన్స్‌ఫార్మరు బరువుకు ఛాసిస్ (లోహపు చట్రం) వంగి, బోర్డులు చిట్లిపోతాయి.