ఎమ్మార్పీకి ముందే జరిగే లెక్క

కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర మందులు కొనేవాళ్లు ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించారో చూస్తారు. అసలు లెక్క అంతకు ముందే అయిపోతుంది. కేంద్రం అత్యావశ్యక మందుల జాబితాలోని మందుకు 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు కింద ఎన్‌పీపీఏ (మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ) గరిష్ఠ ధర కడుతుంది: 1 శాతం, ఆపైన మార్కెట్ వాటా ఉన్న ఆ మందు బ్రాండ్లు షాపుకు చేరే ధరల సగటు, దానిమీద 16 శాతం షాపు మార్జిన్. జాబితాలో లేనివాటికి ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్నదే కట్టడి. మొదటి ఎమ్మార్పీ చాలావరకు కంపెనీ ఇష్టం. స్టాకిస్టుకు (హోల్‌సేల్ వ్యాపారికి), షాపుకు ఎంత మిగిలేదీ అక్కడే తేలిపోతుంది.

2019లో జాబితాలో లేని 42 క్యాన్సర్ మందులకు ఈ అమ్మకం మార్జిన్ 30 శాతానికి కట్టేశారు. జాబితాలో లేని షుగరు, బీపీ మాత్రలకూ ఆ కట్టడి రావాలి, గట్టిగా అడగాలి.

ఎన్‌పీపీఏ ధరలు చూపే ఫార్మా సహీ దామ్ యాప్‌లో ధర చూసేటప్పుడు కంపెనీ పేరుతో పాటు మిల్లీగ్రాములూ సరిచూడండి. గరిష్ఠ ధరలో జీఎస్టీ ఉండదు, కలుపుకుని పోల్చండి. బ్యాచ్ నంబరున్న బిల్లు తీసుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం.